పుట్టుకతోనే కంట్లో శుక్లం ఎందుకు?

శుక్లం అనగానే తాతయ్యలు, అమ్మమ్మలే గుర్తొస్తారు. కానీ కొందరు పిల్లలు పుట్టేటప్పటికే కంటిపాప వెనకున్న కటకం మసకబారి ఉంటుంది. జన్యులోపం ఒక కారణం. గర్భిణికి తొలి నెలల్లో సోకే రూబెల్లా అనే జబ్బు మరొకటి. ఈ రెండో సంగతిని 1941లో ఆస్ట్రేలియా కంటి వైద్యుడు నార్మన్ గ్రెగ్ పసిగట్టాడు.

బిడ్డ కాస్త పెద్దయ్యాక ఆపరేషన్ చేయిస్తే పోలా అంటారు కొందరు. పసిబిడ్డకు మత్తు ఇవ్వాలంటే ఎవరికైనా భయమే. అయితే చూడటం కన్నొక్కదాని పని కాదు, మెదడు కూడా నేర్చుకోవాలి. హ్యూబెల్, వీజెల్ అనే శాస్త్రవేత్తలు పిల్లికూనల ఒక కంటిని కొన్నాళ్లు మూసి ఉంచి తెరిచారు. కన్ను బాగానే ఉంది, మెదడే దాని కబురు పట్టించుకోవడం మానేసింది! (1981లో వీళ్లకు నోబెల్ వచ్చింది.) అందుకే దట్టమైన శుక్లాన్ని మొదటి రెండు నెలల్లోపే తీయాలంటారు వైద్యులు, ఒక కంటికే ఉంటే ఇంకా తొందరగా. మరి ఆలస్యమైతే దండగేనా? కాదు. మన దేశంలో ‘ప్రాజెక్ట్ ప్రకాశ్’ అనే కార్యక్రమం ద్వారా ఎదిగాక ఆపరేషన్ జరిగిన పిల్లలకు కొంత చూపు వచ్చింది, పూర్తి పదును మాత్రం రాలేదు.

పసిపాప కంటిపాపలో తెల్లగా ఏదైనా కనిపిస్తే, ఆ రోజే ఇంట్లో పెద్దవాళ్లకు చెప్పండి.