బండలాగిన ఎద్దు కండలో పుట్టు పులుపు

సంక్రాంతి దినములలో కోస్తా జిల్లాలలో బండలాగుడు పందెములు జరుగును. పందెము ముగియగానే కొందరు రైతులు గిత్తలను తెచ్చి కట్టుకొయ్యకు కట్టివేయుదురు. ఇది మంచి పద్ధతి కాదు. ఎందుకనగా, ఆ సమయమున వాటి కండరములు పులిసియుండును.

కండరమునకు శక్తినిచ్చు ముఖ్యపదార్థములలో గ్లైకోజెన్ ఒకటి. నెమ్మదిగా దున్నునపుడు రక్తము తెచ్చు ప్రాణవాయువుతో అది పూర్తిగా దహనమగును. బండను ఒక్క ఊపున లాగునపుడు అవసరమైన వేగముతో ప్రాణవాయువు అందదు. అప్పుడు గ్లైకోజెన్ సగములోనే విరిగి లాక్టిక్ ఆమ్లమగును. పెరుగునకు పులుపునిచ్చునది ఈ ఆమ్లమే. షీలే అను శాస్త్రజ్ఞుడు 1780లో దీనిని పులిసిన పాలలో కనుగొనెను. కప్ప కండరములో ఇది గాలి లేనపుడు పేరుకొనుననియు, ప్రాణవాయువు తగిలినచో తగ్గుననియు ఫ్లెచర్, హాప్కిన్స్ అనువారు 1907లో చూపిరి.

భూసార పరీక్షలో మీరు చూచు పి.హెచ్. కొలతయే ఇక్కడను వర్తించును. విశ్రాంతిగానున్న కండరమున అది సుమారు 7 ఉండును. మిక్కిలి అలసినపుడు 6.5 వరకు దిగవచ్చును.

గుండె సంగతి వేరు. అది రేయింబవళ్లు ఆగక పనిచేయవలెను గనుక ప్రాణవాయువు లేక ఎంతోసేపు నిలువలేదు. రక్తము అందనిచో దానిలోనే ఆమ్లము పేరుకొని కొట్టుకొను బలము త్వరగా తగ్గును. తొడకండ ఓర్చుకొనునంత పులుపును గుండె ఓర్చుకొనజాలదు. అయితే ఒక వింత కలదు. ప్రాణవాయువు అందుచున్నంతవరకు, కాలికండలు రక్తములోనికి వదలిన లాక్టిక్ ఆమ్లమునే గుండె తీసికొని ఇంధనముగా వాడుకొనును. కొంత భాగమును కాలేయము తిరిగి చక్కెరగా మార్చును. కావున దీనిని ఉత్త వ్యర్థపదార్థమని తలచుట పొరపాటు. మరునాటి కండనొప్పులకు కూడ ఇది కారణము కాదు.

పందెము కాగానే జతను నీడపట్టున పది, పదిహేను నిమిషములు మెల్లగా నడిపింపవలెను. నడకలో రక్తము బాగుగా పారి, నిలువకట్టినప్పటికంటె త్వరగా ఆమ్లము తరలిపోవును. త్రాగుటకు నీరు అందుబాటులో ఉంచవలెను. ఎండ తీవ్రముగానున్నచో ఒంటిపై నీళ్లు పోయవలెను. నాలుక వెళ్లబెట్టి రొప్పుచున్న గిత్తను ముల్లుకర్రతో పొడిచి మరల లాగించుట పౌరుషమని కొందరనుకొందురు. అది పశువును చేజేతుల పోగొట్టుకొనుటయే. పందెము పిమ్మట కాళ్లు బిగిసి లేవలేకపోయినను, మూత్రము కాఫీరంగుగా వచ్చినను, అట్టి పశువును నడిపింపరాదు. వెంటనే పశువైద్యుని పిలిపింపవలెను.