లైటు వెలుగుతూనే ఉంది.. కానీ షాక్ కొడుతోందా? ‘రీకాల్’ గురించి తెలుసుకోండి

కార్లలో లోపం బయటపడితే కంపెనీలు వెనక్కి పిలిపిస్తుంటాయి. దీన్నే రీకాల్ అంటారు. మంచం పక్కన పెట్టుకునే టేబుల్ ల్యాంపునూ ఇలాగే వెనక్కి తీసుకుంటారని చాలామందికి తెలియదు.

2016లో ఐకియా ‘గోథెమ్’ ల్యాంపుల విషయంలో అదే జరిగింది. (హైదరాబాద్‌లో ఐకియా స్టోర్ మొదలైంది 2018లో. అంటే అవి ఇక్కడ అమ్మినవి కావు.) వాటిలో వైరు దెబ్బతిని, లోపలి తీగ లోహపు బాడీకి తగిలే ప్రమాదం ఉందని తేలింది. అలా తగిలితే ల్యాంపు మొత్తానికి కరెంటు పాకుతుంది. ముట్టుకుంటే షాకే. అయినా లైటు మాత్రం మామూలుగానే వెలుగుతుంది. అందుకే ఈ లోపాన్ని ఇంట్లోవాళ్లు పసిగట్టడం కష్టం.

ప్లగ్‌కు మూడో పిన్ను ఉండేది ఇందుకే. బాడీకి చేరిన కరెంటును అది ఎర్త్‌లోకి పంపేస్తుంది. మీ లోహపు ల్యాంపుకు రెండే పిన్నులుంటే, దానిపై చతురస్రంలో మరో చతురస్రం గుర్తు ఉందేమో చూడండి. అది డబుల్ ఇన్సులేషన్‌కు గుర్తు. అదీ లేకపోతే వాడకపోవడమే మంచిది.

మన చట్టం ఏం చెబుతోంది?

వినియోగదారుల రక్షణ చట్టం-2019లోని సెక్షన్ 20 ప్రకారం ప్రమాదకరమైన వస్తువులను వెనక్కి తీసుకోవాలని, కొన్నవారికి డబ్బు తిరిగివ్వాలని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ (సీసీపీఏ) ఆదేశించవచ్చు. ప్రమాణాలు పాటించని వస్తువులపై బీఐఎస్‌కూ ఇలాంటి అధికారమే ఉంది.

చిక్కల్లా ఒక్కటే. ఫుట్‌పాత్‌పై బిల్లు లేకుండా కొన్న బల్బును రీకాల్ చేసినా ఆ కబురు మీదాకా రాదు. పైగా ఏ కంపెనీని అడుగుతారు? అందుకే కొనేటప్పుడే చూసుకోవాలి. ఎల్ఈడీ బల్బుపై బీఐఎస్ గుర్తు, ‘ఆర్’ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబర్ ఉండాలి. గుర్తును ఎవరైనా ముద్రించేయగలరు కాబట్టి, ఆ నంబర్‌ను ‘బీఐఎస్ కేర్’ యాప్‌లో కొట్టి చూడండి. తయారీదారు పేరు, వస్తువు వివరాలు డబ్బా మీద ఉన్నవాటితో సరిపోలాలి.

ల్యాంపు ముట్టుకుంటే జివ్వుమంటోందా? ముందు మెయిన్ ఆపేసి, ఆ తర్వాతే ప్లగ్ తీయండి. వైరుకు టేపు చుట్టి మళ్లీ వాడొద్దు, పారేయనూ వద్దు. మోడల్ నంబర్, బిల్లు ఫొటో తీసి పెట్టుకోండి. దుకాణం పట్టించుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. తెలుగులోనూ మాట్లాడొచ్చు.