కాంటా దగ్గర అక్కలు

వడ్ల లారీ కొనుగోలు సెంటర్ నుంచి మిల్లుకు కదిలే ముందు డ్రైవర్ చేతికి ఒక కాగితం ఇస్తారు. దాన్ని ట్రక్ షీట్ అంటారు. సెంటర్ పేరు, లారీ నంబరు, బస్తాలెన్ని, తూకమెంత, ఏ మిల్లుకు అన్నీ అందులో ఉంటాయి. ఐకేపీ (ఇందిరా క్రాంతి పథం) సెంటరైతే కింద మహిళా సంఘం తరఫు సంతకం. మిల్లువాళ్లు దిగుమతి అయిందని ఒప్పుకుంటే తప్ప రైతు ఖాతాలో పైసలు పడే దారి తెరుచుకోదు. అప్పటిదాకా ఊరంతా అడిగేది ఆ సంతకం పెట్టినామెనే: ‘అక్కా, మా పైసలెప్పుడు పడతయ్?’

ప్రపంచవ్యాప్తంగా కష్టాల్లో ఉన్న జనం నడుమ పనిచేస్తున్న మహిళల మీద ముఖచిత్ర కథనం కావాలన్నారు ఎడిటర్. పెద్ద పేర్లు చాలానే ఉన్నాయి. కానీ విజయవాడ హైవే మీద కొర్లపహాడ్ టోల్‌గేటున్న మండలం, మూసీ ఆయకట్టు కింద వరి పండే మండలం, నల్గొండ జిల్లా కేతేపల్లి గుర్తొచ్చాక నా మనసు ఈ ట్రక్ షీట్‌ను వదల్లేదు.

ట్రక్ షీట్‌లోని తూకం గడి వెనక పెద్ద పేచీ ఉంది. మద్దతు ధరకు కొనాలంటే తేమ 17 శాతం దాటొద్దు. మట్టి, రాళ్లు ఒక శాతం, చెత్త, తాలు ఒక శాతం, రంగు మారినవీ మొలకెత్తినవీ 5 శాతం లోపే ఉండాలి. గుప్పెడు వడ్లు తేమ మిషన్‌లో పోస్తే 20 చూపించిందనుకోండి. అలాంటి క్వింటాలు 17కు ఎండేసరికి దాదాపు మూడు కిలోల ఆరు వందల గ్రాములు తగ్గుతుంది. 2025-26లో ఏ గ్రేడు ధర రూ.2,389. అంటే క్వింటాలుకు దాదాపు రూ.86 తేడా. ఎండబెట్టమంటే రైతుకు కోపం, ఎండకుండానే పంపితే మిల్లుకు కోపం. మబ్బు పట్టిన సాయంత్రం, పట్టాలు చాలక కుప్పల చుట్టూ ఉరుకుతున్న మనిషితో ‘ఇంకో రెండ్రోజులు ఆరబొయ్యన్నా’ అని చెప్పాల్సింది సంఘం మహిళే. ఆమె ఇంటి వడ్లు కూడా ఆ కుప్పల్లోనే ఉండొచ్చు.

ఇక బస్తా. వడ్లు 40 కిలోలు, గోనె సంచికి 600 గ్రాములు. కాంటా మీద 40 కిలోల 600 గ్రాములు రావాలి. ‘తరుగు’ పేరుతో మరో కిలో ఎక్కితే, 500 బస్తాల లారీలో అయిదు క్వింటాళ్లు పోయినట్టే. రూపాయల్లో రూ.11,945. లారీ మిల్లు గేటు దగ్గరే ఆగిపోయి, తాలు ఉంది, కోత పెడతామని ఫోన్ వస్తే ఆమె ఎదుట రెండే దారులు: ఒప్పుకుని రైతుతో మాటపడటం, ఒప్పుకోక లారీని రోజుల తరబడి నిలబెట్టుకోవడం. లారీ ఆగితే సెంటర్‌లో కాంటా ఆగుతుంది. మిర్యాలగూడ లాంటి మిల్లుల అడ్డా ఉన్న జిల్లాలో ఊరి సంఘం మహిళ మిల్లు యజమానితో లెక్క తేల్చుకోవడం చిన్న విషయం కాదు. నా లెక్కలో ఆమె పని గింజ గింజకూ చేసే న్యాయం.

ఈ సంఘాల వెనకటి కథ క్లుప్తంగా: 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు దిద్దిన ఆడవాళ్లు సారా అంగడి మూయించారు. 1993 అక్టోబరు 1న ఉమ్మడి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. ఆ ఊపులోనే రోజుకో రూపాయి దాచే పొదుపు సంఘాలు పుట్టాయి. 2000లో గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ సెర్ప్, దాని వెలుగు పథకం వచ్చాయి, తర్వాత అదే ఇందిరా క్రాంతి పథం. సంఘాలు కలిసి గ్రామైక్య సంఘాలయ్యాయి, వడ్ల కొనుగోలు వాటి చేతికొచ్చింది. 2020 లాక్‌డౌన్‌లో ఊరి వడ్లను ఊళ్లోనే కొన్నప్పుడు కాంటాల దగ్గర వాళ్లే ఉన్నారు.

బాక్స్: అక్కడా ఇక్కడా
అహ్మదాబాద్‌లో 1972లో ఇలా భట్ మహిళా కార్మికుల సంఘం ‘సేవ’ను స్థాపించారు. కెన్యాలో 1977లో వంగారి మాథాయ్ పల్లె మహిళలతో మొక్కలు నాటించడం మొదలుపెట్టారు. సంగారెడ్డి జిల్లా పస్తాపూర్‌లో దళిత మహిళా రైతులు చిరుధాన్యాల విత్తనాలు కాపాడుకున్నారు. ఈ ప్రాంతానికి వస్తే, తెలంగాణ సాయుధ పోరాటంలో తుపాకి పట్టిన మల్లు స్వరాజ్యం సూర్యాపేట వైపు ఆడబిడ్డే.

ఇంత చాకిరీకి సంఘానికి దక్కేది క్వింటాలుకు ముప్పై రూపాయలకు కాస్త అటూఇటుగా కమీషన్. ఒక సీజన్ కమీషన్ మరో సీజన్ దాకా బకాయి పడిందన్న మాట జిల్లాల్లో తరచూ వింటాం. రైతుకు పైసలు ఇన్ని రోజుల్లో వేస్తామని మాటిచ్చే ప్రభుత్వం, కాంటా పెట్టిన మహిళకూ గడువు చెప్పాలి.

వడ్లు తెచ్చే రైతన్నలకు ఒక మాట. బస్తా 40 కిలోల 600 గ్రాములు దాటితే కాంటా దగ్గరే అడగండి. తరుగు తీస్తామని మిల్లు నుంచి ఫోన్ వస్తే ఆమెను ఒక్కదాన్నే మాట్లాడనివ్వకండి. పక్కన నిలబడండి.