గోదావరి ఒడ్డుకు నడిచొచ్చిన నల్లరాయి

మా మహదేవపుర ప్రాంతంలో పునాదులు లోతుగా తీస్తే సాధారణంగా తగిలేది తెలుపు, బూడిదరంగు చారలు కలగలిసిన గట్టి రాయి. దాన్ని ‘నైస్’ అంటారు. లాల్‌బాగ్ కొండది కూడా అదే జాతి. వయస్సు సుమారు 300 కోట్ల సంవత్సరాలు. మరి ఇక్కడి మన తెలుగు ఇళ్ళలో వంటింటి గట్టు మీద నిగనిగలాడే నల్లరాయి ఏమిటి? దుకాణదారు ‘బ్లాక్ గ్రానైట్’ అంటాడు గాని, భూగర్భ శాస్త్రం లెక్కలో అది గ్రానైటే కాదు. అగ్నిపర్వతాల లావా గడ్డకట్టి ఏర్పడిన బసాల్టుకు అది తోబుట్టువు.

ఒకే పిండితో అట్టూ వేస్తాం, దిబ్బరొట్టే వేస్తాం కదా! ఇదీ అంతే. కరిగిన రాయి నేలపైకి పొంగి త్వరగా చల్లారితే సన్నని రేణువుల బసాల్టు అవుతుంది. పైకి రాకుండా బీటల్లో నిదానంగా చల్లారితే డోలరైటు. ఇంకా లోతున, ఇంకా నెమ్మదిగా చల్లారితే గాబ్రో. కనకపుర, చామరాజనగర నల్లరాళ్ళు డోలరైటు. మన ప్రకాశం జిల్లా చీమకుర్తి నుంచి దేశదేశాలకు వెళ్ళే ‘బ్లాక్ గెలాక్సీ’ గాబ్రో జాతిది. రామప్ప గుడిలో అద్దంలా మెరిసే మదనికలు కూడా డోలరైటులో చెక్కినవే. ఇనుము, మెగ్నీషియం ఎక్కువగా ఉండటంవల్ల వీటికి ఆ నలుపు, ఆ బరువు. ఘనమీటరు గ్రానైటు సుమారు 2650 కిలోలు తూగితే, బసాల్టు 2900 కిలోల దాకా తూగుతుంది.

అసలు బసాల్టును చూడాలంటే మాత్రం మా అమ్మగారి ఊరివైపు, కొవ్వూరు ప్రాంతానికి వెళ్ళాలి. పంగిడి, గౌరీపట్నం, అవతలి ఒడ్డున కాతేరు – ఈ పేర్లు గోదావరి జిల్లాల వారికి కంకర క్వారీలుగానే తెలుసు. కాని ప్రపంచంలోని భూగర్భ శాస్త్రజ్ఞులకు అవి ‘రాజమండ్రి ట్రాప్స్’.

సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ళ క్రితం పడమటి కనుమల వైపు నేల బీటలువారి లావా పొంగింది. ఒకసారి కాదు, పొర మీద పొరగా. ఈనాటికీ సుమారు 5 లక్షల చదరపు కిలోమీటర్ల దక్కను నేల ఆ రాతి కిందే ఉంది. వికారాబాదు, ఆదిలాబాదు వైపు పత్తి పండే నల్లరేగడి చాలావరకు ఆ రాయి చివికి ఏర్పడిందే. ఎల్లోరా కైలాస దేవాలయాన్ని తొలిచింది కూడా అందులోనే. ఆ లావాలో కొంత నదీలోయల వెంట వెయ్యి కిలోమీటర్లు ప్రవహించి గోదావరి ముఖం దాకా వచ్చిందని పరిశోధకుల నిర్ధారణ. రాజమండ్రి రాతి రసాయన కూర్పూ, అందులో నిలిచిపోయిన అయస్కాంత దిశా మహాబలేశ్వరం ప్రాంతపు రాతితో సరిపోలాయి. భూమి మీద తెలిసినంతలో అతి పొడవైన లావా ప్రవాహాలు ఇవేనేమో అని 2008లో ఒక పరిశోధక బృందం ప్రకటించింది.

అంతకన్నా విశేషం మరొకటుంది. పై ప్రవాహానికీ కింది ప్రవాహానికీ నడుమ సున్నపురాతి పొర ఉంది. అందులో నత్తలు, ఆల్చిప్పల శిలాజాలున్నాయి. అంటే ఒకసారి లావా వచ్చి చల్లారాక, ఆ చోట నీరు చేరి, జీవులు పుట్టి పెరిగి, ఆ తరువాత మళ్ళీ లావా కమ్మిందన్నమాట. డైనోసార్ల అంతానికి దక్కను లావా ఎంతవరకు కారణమో తేల్చడానికి విదేశీ శాస్త్రజ్ఞులు వచ్చి ఈ క్వారీ గోడలనే పరిశీలించారు.

ఇక ఉపయోగాలు. రోడ్డు కంకరకు, రైలు పట్టాల కింద రాళ్ళకు, కాంక్రీటుకు ఇంత గట్టి రాయి అరుదు. దీన్ని కరిగించి పీచుమిఠాయి తీసినట్టు దారాలు లాగితే, వేడిని అడ్డుకునే రాతి ఉన్ని అవుతుంది. ఐస్‌లాండులో బొగ్గుపులుసు వాయువును నీటిలో కలిపి బసాల్టు లోతుల్లోకి పంపితే, రెండేళ్ళ లోపే అందులో 95 శాతం రాయిగా మారిందని 2016లో తేలింది.

గృహిణులకొక సూచన. లేతరంగు రాయికి నల్లరంగు పట్టించి అమ్మేవారూ ఉన్నారు. కొనేముందు గోళ్ళరంగు తుడిచే ద్రావకంలో తెల్లగుడ్డ ముంచి రాయి మీద గట్టిగా రుద్దండి. గుడ్డకు నలుపు అంటితే ఆ రాయి వద్దు.

ఇప్పుడు మనసులో మాట చెబుతాను. క్వారీలు వద్దని నేననను. వాటి మీద ఎన్నో కుటుంబాలు బతుకుతున్నాయి. క్వారీ తవ్వబట్టే ఆ పొరలు లోకానికి కనబడ్డాయి కూడా. అయితే తవ్వకం ఆగకపోతే ఆ శిలాజాల పొర కంకరతో పాటే లారీ ఎక్కిపోతుంది. మళ్ళీ తేలేం. లాల్‌బాగ్ కొండనూ, తిరుమల శిలాతోరణాన్నీ జాతీయ భూవిజ్ఞాన స్మారకాలుగా కాపాడుకుంటున్నాం. అలాగే గోదావరి ఒడ్డున ఒక్క క్వారీ గోడనైనా ముట్టకుండా నిలుపుకోలేమా?

పుష్కరాలకో, పెళ్ళికో రాజమండ్రి వెళ్ళినప్పుడు పిల్లలకు ఆ నల్లరాయి ముక్క ఒకటి చేతికిచ్చి ఈ కథ చెప్పండి. వినే పిల్లలుంటేనే కాపాడమని అడిగే పెద్దలు రేపు తయారవుతారు.