నకిలీ వార్త : స్వరూపం, వ్యాప్తి

జరిగిన సంగతిని జరిగినట్లు తెలిపేది వార్త. జరగని దాన్ని జరిగినట్లు కల్పించి, దానికి వార్తారూపమిచ్చి ప్రచారం చేస్తే అది నకిలీ వార్త అవుతుంది. పత్రికలో పొరపాటున అచ్చయిన తప్పును నకిలీ వార్త అనలేము. తప్పు తెలిసిన వెంటనే సవరణ ప్రకటించడం పత్రికా ధర్మం. నకిలీ వార్తకు మూలం పొరపాటు కాదు, మోసగించాలనే ఉద్దేశం.

నకిలీ వార్తలు ముఖ్యంగా మూడు విధాలు. పూర్తిగా కల్పించినవి మొదటి రకం. ఒకరు అన్న మాటల్లో ముందువెనుకలు తొలగించి అర్థం మార్చినవి రెండవ రకం. ఎక్కడో, ఎప్పుడో తీసిన దృశ్యాన్ని ఇక్కడ, ఇప్పుడు జరిగినదిగా చూపేవి మూడవ రకం. చివరిది మిక్కిలి ప్రమాదకరం. చెప్పిన మాటను శంకించేవారు సైతం కంటికి కనిపించిన దాన్ని శంకించరు.

2018లో మన దేశంలో వ్యాపించిన ఒక వీడియో ఇందుకు ఉదాహరణ. వీధిలో ఆడుకుంటున్న పిల్లవాణ్ణి మోటారు సైకిలుపై వచ్చిన ఇద్దరు ఎత్తుకుపోతున్నట్లు అందులో కనిపిస్తుంది. నిజానికి అది పిల్లల భద్రతపై అవగాహన కోసం పాకిస్థాన్‌లోని కరాచీలో చిత్రించిన లఘుచిత్రం. పిల్లవాణ్ణి తిరిగి దించి, హెచ్చరిక రాసిన అట్టను చూపే చివరి భాగాన్ని ఎవరో కత్తిరించారు. మిగిలిన ముక్క వాట్సాప్‌లో ఊరూరా తిరిగింది. పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు వచ్చాయన్న ఇటువంటి వదంతుల ఫలితంగా ఆ ఏడాది మే నెలలో తెలంగాణలో అమాయకులపై దాడులు జరిగాయి. హైదరాబాదులోని చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను మూక కొట్టి చంపింది.

అటువంటి సందేశాలను ఇతరులకు పంపినవారిలో అనేకులు దుర్మార్గులు కారు. తమ పిల్లల క్షేమం కోరినవారే. నకిలీ వార్త వ్యాప్తిలోని రహస్యం ఇదే. దాన్ని పుట్టించేవాడు ఒక్కడు. భయంతోనో, జాలితోనో, కోపంతోనో మోసుకుపోయేవారు వేలమంది. 2006 నుంచి 2017 వరకు ట్విట్టర్‌లో ప్రచారమైన సుమారు 1,26,000 వార్తాంశాలను పరిశీలించిన ఒక పరిశోధన 2018లో ‘సైన్స్’ పత్రికలో వెలువడింది. 1,500 మందికి చేరడానికి అబద్ధం కంటే నిజానికి సుమారు ఆరు రెట్లు ఎక్కువ కాలం పట్టిందని అది తేల్చింది.

అయితే ఈ వ్యాప్తిని అరికట్టడం అసాధ్యం కాదు. 2018లో జోగులాంబ గద్వాల జిల్లా ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి, గ్రామాలకు కేటాయించిన కానిస్టేబుళ్ల ద్వారా, డప్పు చాటింపు ద్వారా, జానపద కళాకారుల పాటల ద్వారా అసలు సంగతిని ప్రజలకు తెలియజేశారు. ఆమె పరిధిలోని గ్రామాలలో ఈ వదంతులకు ఒక్క ప్రాణమూ బలికాలేదు. అదే ఏడాది జూలైలో వాట్సాప్ సంస్థ కూడా మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చోట్లకు మించి పంపకుండా పరిమితి విధించింది.

నకిలీ వార్త ప్రాణాలనే కాదు, జీవనాధారాన్నీ హరిస్తుంది. కోడిమాంసం తింటే కరోనా సోకుతుందన్న అబద్ధం వల్ల 2020లో కోళ్ల రైతులు తీవ్రంగా నష్టపోయారు. దర్శి ప్రాంతపు మిర్చి రైతు ఒకరిని ఊహించుకుందాం. గుంటూరు యార్డులో రేపు ధర పడిపోతుందన్న సందేశాన్ని నమ్మి ఆయన పంటను కళ్లంలోనే తక్కువకు అమ్మితే, నిజం తెలిసేనాటికి సరుకు చేయి దాటిపోతుంది. యార్డులో విచారించిన ఒక్క మాట ఆయన ఏడాది శ్రమను కాపాడగలదు.

నిజం నిలకడ మీద తెలుస్తుందంటారు. కాని అంతవరకు నష్టం ఆగి ఉండదు. కనుక ఆ నిలకడ ముందుగా మనలో ఉండాలి. ఈ మాట ఎవరు చెప్పారు? ఎక్కడ, ఎప్పుడు జరిగింది? దీన్ని మరెవరు ధ్రువీకరించారు? ఈ ప్రశ్నలకు సమాధానం దొరకని వార్తను మన వద్దనే ఆపివేయడం చదువుకున్న ప్రతివారి కర్తవ్యం.