చక్రాల మీద ఇల్లు, చేతిలో తెడ్డు

అమెరికాలో, ఉన్న ఇల్లు అమ్మేసి, చక్రాల మీది ఇల్లయిన ఆర్వీ కొనుక్కుని, ఏడాది పొడుగునా అందులోనే కాపురం ఉండేవాళ్లు చాలామంది కనిపిస్తారు. వాళ్లను ఫుల్‌టైమర్లు అంటారు. మనవడి పుట్టినరోజుకు ఇంటితో సహా వెళ్తారు. కుక్కనో పిల్లినో వెంట తిప్పుకుంటారు. మంచి నది తగిలితే కయాక్ అనే చిన్న పడవ దించి తెడ్డు పడతారు. ఈ స్వేచ్ఛ వెనక నీళ్లు, కరెంటు, ఎత్తు, ఎండ ఇలా ఎన్నో లెక్కలున్నాయి. వాటిని ఓపిగ్గా పాటించేవాళ్లకే ఈ బతుకు హాయి. ఆ లోకంలోంచి కొన్ని విశేషాలు.

వెనక సీటే మంచం

1910లో న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో పియర్స్-యారో కంపెనీ ‘టూరింగ్ లాండో’ అనే కారును ప్రదర్శించింది. వెనక సీటు వాలిస్తే మంచం. డ్రైవరు సీటు వీపున మడిచిపెట్టే సింకు. వెనక కూర్చున్నవాళ్లు డ్రైవరుతో మాట్లాడ్డానికి ఫోను. ఆర్వీల చరిత్రను చాలామంది ఇక్కణ్నుంచే మొదలుపెడతారు. 1919లో ఫ్లోరిడాలోని టాంపాలో ‘టిన్ క్యాన్ టూరిస్ట్స్’ అనే సంఘం పుట్టింది. కారు రేడియేటర్ మూతకు అతికించిన రేకు డబ్బాయే సభ్యుల గుర్తు. అదే గుర్తున్న కారు రోడ్డు మీద కనిపిస్తే ఆగి పలకరించాలి. ఆ అలవాటు నేటి ఆర్వీ జనంలోనూ పోలేదు.

చంద్రుడి మీంచి ట్రైలర్లోకి

1969 జులైలో అపోలో 11 వ్యోమగాములు సముద్రంలో దిగాక హార్నెట్ నౌక మీద వాళ్లను ఉంచింది ఓ ఎయిర్‌స్ట్రీమ్ ట్రైలర్‌ను మార్చి తయారుచేసిన గదిలో. చంద్రుడి నుంచి సూక్ష్మజీవులేమైనా అంటుకుని వచ్చాయేమోనన్న జాగ్రత్త అది. అధ్యక్షుడు నిక్సన్ కూడా కిటికీ బయట నిలబడే వాళ్లతో మాట్లాడారు.

ఊరు మారినా చిరునామా మారదు

ఇల్లు లేకపోతే డ్రైవింగ్ లైసెన్సు, బీమా, ఉత్తరాల సంగతేంటి? 1978లో మొదలైన ‘ఎస్కేపీస్’ అనే ఆర్వీ క్లబ్ టెక్సస్‌లోని లివింగ్‌స్టన్‌లో సభ్యులకు చిరునామా ఇస్తుంది. ఉత్తరాలన్నీ అక్కడికి చేరతాయి. సభ్యులు ఎక్కడుంటే అక్కడికి పంపిస్తారు. అంతకన్నా గొప్ప ఏర్పాటు ఒకటి అదే ఊళ్లో ఉంది. వయసు మీదపడి, జబ్బుచేసి ఇక బండి నడపలేని సభ్యులు తమ ఆర్వీని అక్కడ నిలుపుకుని సొంత మంచం మీదే పడుకోవచ్చు. భోజనం, పగటిపూట సాయం అక్కడివాళ్లే చూస్తారు. జీవితమంతా రోడ్డు మీద గడిపినవాళ్లను చివర్లో పరాయి గోడల మధ్యకు పంపకూడదన్న ఆలోచన ఎంత మానవీయమైనదో!

మంటతో చల్లబడే ఫ్రిజ్

చాలా ఆర్వీల్లోని ఫ్రిజ్ ప్రొపేన్ మంటతోనూ పనిచేస్తుంది. అమోనియా ద్రావణాన్ని వేడిచేస్తే ఆవిరయ్యే అమోనియా, చల్లారి ద్రవమై, మళ్లీ ఆవిరవుతూ లోపలి వేడిని లాగేస్తుంది. కంప్రెసర్ ఉండదు, చప్పుడూ ఉండదు. 1922లో ఇద్దరు స్వీడన్ విద్యార్థులు, ఫాన్ ప్లాటెన్, ముంటర్స్, దీన్ని కనిపెట్టారు. ఒకటే షరతు: బండి సమంగా నిలబడాలి. ఒరిగితే లోపల ద్రావణం సరిగ్గా పారదు. అందుకే పాతకాపులు బండి ఆపగానే ముందు లెవెల్ చూసుకుంటారు.

మూడు ట్యాంకుల కాపురం

ఆర్వీకి మూడు ట్యాంకులు ఉంటాయి. ఒకటి మంచినీళ్లకు. స్నానం, గిన్నెలు కడిగిన నీళ్లకు ‘గ్రే’ ట్యాంకు. టాయిలెట్‌కు ‘బ్లాక్’ ట్యాంకు. మురుగు గొట్టం తగిలించి ఉంది కదా అని బ్లాక్ ట్యాంకు వాల్వు తెరిచి ఉంచకూడదు. నీరంతా జారిపోయి గట్టి పదార్థం అడుగున పేరుకుపోతుంది. ట్యాంకు బాగా నిండేదాకా మూసి ఉంచి, అప్పుడు ఒక్కసారిగా వదలాలి. చేతికి గ్లవ్స్ వేసుకుని, గొట్టం రెండు చివరలూ బిగిశాయో లేదో చూసుకుని, ముందు బ్లాక్ వాల్వు లాగుతారు. అది ఖాళీ అయ్యాకే గ్రే తెరుస్తారు. ఆ సబ్బు నీళ్లతో గొట్టం దానంతటదే కడుక్కుంటుంది. ఈ వరస తప్పితే పక్క సైటులో బండి నిలిపినవాళ్లకూ ఇబ్బందే.

చుట్టాలింటి ప్లగ్గు

క్యాంప్‌గ్రౌండ్‌లో పెద్ద ఆర్వీకి ఇచ్చే 50 ఆంప్ కనెక్షన్ 12,000 వాట్ల దాకా అందిస్తుంది. 30 ఆంప్ అయితే 3,600. కూతురింటి వాకిట్లో బండి నిలిపి గరాజ్‌లోని మామూలు 15 ఆంప్ ప్లగ్గుకు తగిలిస్తే 1,800 వాట్లే. లైట్లు, ఫ్యాన్లు, బ్యాటరీ చార్జింగ్ వరకు ఫర్వాలేదు. ఏసీ మీద ఆశ వదులుకోవాలి. పైగా చాలా కాలనీల్లో ఇంటి ముందు ఆర్వీ నిలపడానికి సంఘం నిబంధనలు ఒప్పుకోవు. ఎన్ని రోజులకు అనుమతి ఉందో వెళ్లకముందే అడిగి తెలుసుకోవడం మర్యాద.

చుట్టాలే క్యాంప్‌గ్రౌండ్‌కు వస్తామంటే ఇంకో లెక్క. పేరున్న జాతీయ ఉద్యానవనాల్లో చాలాచోట్ల ఆరు నెలల ముందే బుకింగ్ తెరుస్తారు. గిరాకీ ఉన్న సైట్లు చూస్తుండగానే అయిపోతాయి. ఇండియా నుంచి అమ్మానాన్నల్ని పిలిపించి, ఆర్వీ అద్దెకు తీసుకుని వేసవిలో ఎల్లోస్టోన్ చూపించాలనుకునే తెలుగు కుటుంబాలు విమానం టికెట్లతో పాటే సైటూ చూసుకోవడం మంచిది.

ఎత్తు మరిస్తే ఏసీ ఎగిరిపోతుంది

నార్త్ కరోలినాలోని డరమ్‌లో ఓ రైలు వంతెన కింద ఎత్తు 11 అడుగుల 8 అంగుళాలే ఉండేది. దానికి తగిలి పైకప్పులు పోగొట్టుకున్న ట్రక్కులు, ఆర్వీలు కొల్లలు. 2019లో దాన్ని 12 అడుగుల 4 అంగుళాలకు పెంచారు. అయినా గుద్దడం ఆగలేదు. పైకప్పు మీది ఏసీతో కలిపి బండి ఎత్తెంతో కాగితం మీద రాసి డ్రైవరు కళ్లెదుటే అంటించుకోవడం అందుకే.

ఎడారిలో చలికాలం

ఆరిజోనాలోని క్వార్ట్‌జ్‌సైట్ చిన్న ఊరు. చలికాలం రాగానే చుట్టుపక్కల ఎడారి ఆర్వీలతో నిండిపోతుంది. ప్రభుత్వ భూముల్లో చాలాచోట్ల 14 రోజులు ఉచితంగా ఉండొచ్చు. ఎక్కువకాలం ఉండేందుకు కేటాయించిన చోట్ల డబ్బు కట్టి పర్మిట్ తీసుకుంటే సెప్టెంబరు 15 నుంచి ఏప్రిల్ 15 దాకా ఢోకా లేదు.

అరగంటే చాలు

మూసి ఉన్న కారులో ఎండ ఏం చేస్తుందో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు కొలిచి 2005లో ప్రచురించారు. బయట 22 డిగ్రీల సెల్సియస్ ఉన్న హాయైన రోజున కూడా గంటలో లోపలి వేడి సగటున మరో 22 డిగ్రీలు పెరిగింది. ఆ పెరుగుదలలో 80 శాతం మొదటి అరగంటలోనే. అద్దం కొంచెం దించి ఉంచినా పెద్ద తేడా రాలేదు. ఆర్వీలో కుక్కను ఉంచి వెళ్లేవాళ్లు ఏసీని నమ్ముకుంటారు. క్యాంప్‌గ్రౌండ్‌లో కరెంటు పోతే? లోపల వేడి పెరగ్గానే ఫోనుకు కబురు పంపే చిన్న పరికరాలు ఉన్నాయి. పెంపుడు జంతువుతో ప్రయాణించే ప్రతి ఇంట్లోనూ అది ఉండి తీరాలి.

చార్లీ తిరిగిన దేశం

రచయిత జాన్ స్టైన్‌బెక్ 1960లో తన పూడిల్ కుక్క చార్లీని ఎక్కించుకుని క్యాంపర్ బిగించిన ట్రక్కులో అమెరికా చుట్టాడు. ‘రోసినాంటే’ అని పేరుపెట్టిన ఆ బండి ఇప్పటికీ కాలిఫోర్నియాలోని సలీనాస్ ఊళ్లో, ఆయన పేరిట ఉన్న కేంద్రంలో ఉంది.

పడవలో కుక్క

కుక్కల లైఫ్ జాకెట్ వీపు మీద ఒక పిడి ఉంటుంది. నీళ్లలో పడ్డ కుక్కను సంచీ ఎత్తినట్టు ఆ పిడి పట్టుకుని పైకి లాగుతారు. కుక్కను మాత్రం కయాక్‌కు ఎప్పుడూ కట్టకూడదు. పడవ బోల్తాపడితే ఆ తాడే ఉరి అవుతుంది. మొదటిసారి నదిలోకి దించకముందు గడ్డి మీద పెట్టిన కయాక్‌లో కూర్చోవడం నేర్పుతారు. ఫ్లోరిడాలో మొసళ్ల జాతికి చెందిన ఆలిగేటర్లు ఉంటాయి కనుక కుక్కల్ని నీటి అంచుకు పోనివ్వరు. నీళ్ల మీద ఆకుపచ్చ పెయింటులా తెట్టు కడితే అది విషపు నాచు కావచ్చు. ఆ నీళ్లు తాగిన కుక్క గంటల్లోనే చనిపోవచ్చు.

అక్కడా క్యూసెక్కులే

వానాకాలంలో మన పేపర్లలో శ్రీశైలం, ధవళేశ్వరం దగ్గర ఎన్ని క్యూసెక్కులో చదువుతాం. అమెరికాలో కయాక్ దించేవాళ్లు పొద్దున్నే చూసేదీ ఆ అంకెనే. ఒక క్యూసెక్కు అంటే సెకనుకు సుమారు 28 లీటర్లు. ఆ దేశపు భూగర్భ సర్వే సంస్థ మొట్టమొదటి ప్రవాహ మాపక కేంద్రాన్ని 1889లో న్యూ మెక్సికోలోని ఎంబుడో దగ్గర రియో గ్రాండే నది మీద పెట్టింది. ఇప్పుడు వేల చోట్ల కొలుస్తున్నారు. ఎవరైనా ఫోన్లో ఉచితంగా చూసుకోవచ్చు. నది కష్టాన్ని ఒకటి నుంచి ఆరు తరగతులుగా విభజిస్తారు. పిల్లలతో, కుక్కతో వెళ్లేవాళ్లకు ఒకటో తరగతే సరి.

చిన్న గోడ, పెద్ద గండం

మనిషెత్తు కూడా లేని చిన్న ఆనకట్ట పైనుంచి నీరు నున్నగా జారుతుంటుంది. పడవలోంచి చూస్తే గోడ ఉన్నట్టే తెలియదు. కిందపడ్డ నీరు వెనక్కి తిరిగి, పడినవాణ్ని మళ్లీమళ్లీ గోడవైపే లాగుతుంది. బలమైన ఈతగాళ్లు కూడా అందులోంచి బయటపడలేక ప్రాణాలు పోగొట్టుకున్నారు. దారిలో ఆనకట్ట ఉందని తెలిస్తే చాలా ముందే గట్టెక్కి, పడవను మోసుకుని అవతల దించాలి.

చట్టం కాపాడిన నదులు

మిజూరీలోని కరెంట్, జాక్స్ ఫోర్క్ నదుల్ని 1964లోనే జాతీయ రక్షణలోకి తెచ్చారు. కరెంట్ నదిలో కలిసే బిగ్ స్ప్రింగ్ అనే ఊట ఒక్కటే రోజుకు సగటున 100 కోట్ల లీటర్ల పైచిలుకు నీరు పోస్తుంది. 1968లో ప్రత్యేక చట్టం వచ్చి మొదట ఎనిమిది నదుల్ని స్వేచ్ఛగా పారనిచ్చింది. 1972లో ఆర్కన్సాలోని బఫెలో తొలి ‘జాతీయ నది’ అయింది. ఫ్లోరిడా ఊటల్లో నీరు ఏడాదంతా 22 డిగ్రీల దగ్గరే ఉంటుంది. చలికి తాళలేని మానటీలనే నీటి జంతువులు శీతాకాలంలో అక్కడికి చేరతాయి. కయాక్ వాళ్లు దూరం నుంచే చూసి పక్కకు తప్పుకుంటారు.

కడుగు, వంచు, ఆరబెట్టు

1988లో అమెరికా పెద్ద సరస్సుల్లో జీబ్రా మసల్ అనే చిన్న ఆల్చిప్ప కనిపించింది. ఓడల్లో నింపుకొచ్చిన నీటితో ఖండం దాటి వచ్చిందది. తర్వాత పడవలకు అంటుకుని నది నుంచి నదికి పాకింది. నీటి గొట్టాలు పూడ్చేసింది, స్థానిక ఆల్చిప్పల్ని చంపింది. అందుకే మోంటానా వంటి రాష్ట్రాల్లో కయాక్ ఉన్న ప్రతి బండీ తనిఖీ కేంద్రం దగ్గర ఆగాలి. పడవను బురద లేకుండా కడగాలి, నీరు చుక్క మిగలకుండా వంచాలి, పూర్తిగా ఆరబెట్టాలి. వారానికో నది చూసే భాగ్యం ఉన్నవాళ్ల మీదే ఈ బాధ్యత అందరికన్నా ఎక్కువ.