బహుమతి కుక్కకా, జాతికా?

అమెరికాలో ఏ ఊరికి వెళ్లినా లాబ్రడార్ కుక్క కనిపిస్తుంది. పిల్లలతో ఆడుతుంది, చూపులేనివారికి దారి చూపుతుంది, పోలీసువారికి మత్తుమందుల జాడ చెబుతుంది. 1991 నుంచి 2021 వరకు, ముప్పై ఒక్క సంవత్సరాలపాటు, అమెరికన్ కెన్నెల్ క్లబ్బు పుస్తకాల్లో అన్ని జాతులకంటె ఎక్కువగా నమోదైన కుక్క అదే. 2022లోగాని ఫ్రెంచ్ బుల్‌డాగ్ దాన్ని రెండో స్థానానికి నెట్టలేకపోయింది.

అంతటి జనాదరణ గల కుక్క, న్యూయార్కులో ఏటా జరిగే వెస్ట్‌మినిస్టర్ ప్రదర్శనలో, అన్నిటిలోకీ మేటి అనే బహుమతిని 2025 వరకు ఒక్కసారి కూడా పుచ్చుకోలేదు. దాని దాయాది గోల్డెన్ రిట్రీవర్ గతీ అంతే.

ఇక వైర్ ఫాక్స్ టెర్రియర్ అని ఒక కుక్క ఉన్నది. బిరుసు వెంట్రుకలు, చదరపు గడ్డం, నిక్కిన తోక. మనలో దాన్ని కళ్లారా చూసినవారు బహు తక్కువ. అదే బహుమతిని అది 15 సార్లు గెలుచుకున్నది!

"ఇదెక్కడి న్యాయమండీ?" అని ఎవరికైనా అడగాలనిపిస్తుంది. జడ్జీలకు కొన్ని జాతులంటే మమకారమా? లేక మనకు తెలియని మర్మం మరేదైనా ఉన్నదా? ఈ సంగతి కొంచెం తరచి చూద్దాం.

పెళ్లిచూపుల పద్ధతి

ముందు పోటీ ఎలా జరుగుతుందో తెలియాలి. కుక్కను పక్కనున్న కుక్కతో పోల్చి మార్కులు వేస్తారని చాలామంది అనుకుంటారు. అది సరికాదు. ప్రతి జాతికీ ఒక స్టాండర్డు, అంటే రాతపూర్వకమైన లక్షణ పత్రం ఉంటుంది. ఎత్తు ఇంత, తల ఈ తీరు, కన్ను ఈ రంగు, నడక ఇలా అని అందులో వివరంగా రాసి ఉంటుంది. జడ్జి తన ఎదుటి కుక్క ఆ పత్రానికి ఎంత దగ్గరగా ఉన్నదో చూడాలి.

పోటీకి మూడు మెట్లు. మొదట లాబ్రడార్ లాబ్రడార్‌తోనే తలపడుతుంది. అందులో గెలిచినది తన వర్గంలోని తక్కిన జాతులతో పోటీ పడుతుంది. అమెరికాలో ఇప్పుడు ఏడు వర్గాలున్నాయి: వేటగాడి తుపాకి వెంట నడిచేవి, జాడ పట్టి తరిమేవి, కాపలా పనివి, టెర్రియర్లు, ఒడిలో పెంచుకునేవి, మందలు కాసేవి, ఈ లెక్కల్లో ఇమడనివి. ఏడు వర్గాలనుంచి ఏడు కుక్కలు చివరి రింగులోకి వస్తాయి. ఒకే ఒక జడ్జి వాటిలో ఒకదానివైపు వేలు చూపుతాడు.

చిక్కంతా ఆ చివరి మెట్టు దగ్గరే. అక్కడ పెకినీస్ పక్కన గ్రేట్ డేన్ నిలబడవచ్చు. ఒకటి గుప్పెడు, ఒకటి గున్న ఏనుగు. పెకినీస్ తన పత్రానికి దగ్గరా, డేన్ తన పత్రానికి దగ్గరా అని తేల్చాలి. వంకాయ కూర వంకాయ కూరలా ఎంత బాగున్నది, పూర్ణం బూరె పూర్ణం బూరెలా ఎంత బాగున్నది అని రుచి చూసి, రెంటికీ కలిపి ఒకటే బహుమతి ఇవ్వడం వంటిది. దీనికి తక్కెడ లేదు. ఉన్నది కన్ను. కన్నుకు అలవాట్లు ఉంటాయి.

కన్ను ఎటు మొగ్గుతుంది?

వెస్ట్‌మినిస్టర్ ప్రదర్శన 1877లో మొదలైంది. ఆ క్లబ్బు పెట్టినవారు వేటగాళ్లు. వారి గుర్తు సెన్సేషన్ అనే పాయింటర్ కుక్క. అయినా 1907లో మొట్టమొదటిసారి అన్నిటి మీద మేటి బహుమతి పెట్టినప్పుడు గెలిచినది వేటగాడి పాయింటర్ కాదు. వారెన్ రెమెడీ అనే నునుపు వెంట్రుకల ఫాక్స్ టెర్రియర్. 1908లో, 1909లో కూడా ఆ కుక్కే! మూడుసార్లు గెలిచిన కుక్క ఆ ప్రదర్శన చరిత్రలో మరొకటి లేదు. 2019 వరకు లెక్క చూస్తే మేటి బహుమతుల్లో నలభైకి పైగా, అంటే మూడింట ఒక వంతుకు మించి, టెర్రియర్ వర్గానికే పోయాయి. ఏడుగురు అన్నదమ్ముల్లో ఒక్కడే ఆస్తిలో మూడో వంతు పట్టుకుపోయినట్టయింది!

దీనికి కారణాలు ఒకటి కాదు.

మొదటిది ముస్తాబు. వైర్ ఫాక్స్ టెర్రియర్ వెంట్రుకలను కత్తెరతో కత్తిరించరు. అలా చేస్తే రంగు వెలిసి, బిరుసు తగ్గుతుంది. ముదిరిన వెంట్రుకలను చేత్తో, చిన్న పరికరంతో కొంచెం కొంచెంగా పీకుతారు. నేర్పరి అయినవాడు వారాల తరబడి ఈ పని చేసి, ఒకచోట ఒత్తుగా, ఒకచోట పలచగా ఉంచి, పత్రంలో రాసిన ఆకారాన్ని కుక్క ఒంటిమీద చెక్కుతాడు. చిన్న లోపం ఉంటే వెంట్రుకల చాటున సర్దవచ్చు. పొట్టి వెంట్రుకల లాబ్రడార్‌కు ఆ అవకాశం ఎక్కడిది? స్నానం చేయించి తుడవడమే. ఉన్నది ఉన్నట్టు కనిపిస్తుంది.

రెండవది స్వభావం. టెర్రియర్ అంటే నక్క బొరియలో దూరి నక్కను ఎదిరించడానికి పెంచిన కుక్క. ఎదుట మరో కుక్కను చూడగానే మెడ నిక్కించి, తోక నిటారుగా పెట్టి, "రా, చూసుకుందాం" అన్నట్టు నిలబడుతుంది. లాబ్రడార్‌ది పెద్దమనిషి తరహా. జడ్జి దగ్గరకు రాగానే తోక ఊపి చెయ్యి నాకుతుంది. ఇంట్లో మనకు కావలసింది రెండవది; రింగులో వెలిగేది మొదటిది.

మూడవది డబ్బు. పెద్ద పోటీల్లో కుక్కను యజమాని నడిపించడం తక్కువ. హ్యాండ్లర్ అనే వృత్తి నిపుణుడు నడిపిస్తాడు. ఏడాది పొడుగునా ఊరూరా ప్రదర్శనలకు తిప్పాలి. కుక్కల పత్రికల్లో పేజీలకు పేజీలు ప్రకటనలు వేయాలి. వెస్ట్‌మినిస్టర్‌లో చివరి జడ్జి ముందు మెట్లలో ఎవరు గెలిచారో తెలుసుకోకుండా దూరంగా ఉంటారు. ఇది మంచి ఆచారమే. కుక్క పేరు చెప్పరు. హ్యాండ్లర్ చేతికి నంబరు పట్టీ మాత్రం ఉంటుంది. కాని ఆ హ్యాండ్లర్ ముఖానికి ముసుగు ఉండదు గదా! ఏడాదంతా పత్రికల్లో కనిపించిన ముఖం అది.

ఈ మూడూ కలిసి ఒక చక్రం తిరుగుతుంది. గెలిచిన జాతికి మంచి హ్యాండ్లర్లు వస్తారు, డబ్బున్న యజమానులు వస్తారు. వారు వచ్చారు గనుక అది మళ్లీ గెలుస్తుంది. ఎప్పుడూ గెలిచేదే గెలవదగినదని జడ్జి కన్నుకు అలవాటవుతుంది. ఎవరూ లంచం పుచ్చుకోనక్కరలేదు.

పట్టుచీర, ఖద్దరు చొక్కా

కొన్నేళ్ల కిందట హైదరాబాదులో ఒక ప్రదర్శన చూడబోయాను. షామియానాల కింద దువ్వెనలు, పౌడరు డబ్బాలు, టేబుల్ ఫ్యాన్లు. ఒక పెద్దాయన తన నల్ల లాబ్రడార్‌తో రింగు బయటికి వచ్చి కుర్చీలో కూలబడ్డాడు.

"ఏమండీ, మీవాడు ఓడిపోయాడా?" అని పలకరించాను.

"ఓడిపోలేదు బాబూ, కనిపించలేదు" అన్నాడాయన. "అదుగో, ఆ ఆఫ్ఘన్ హౌండును చూడండి. పట్టుచీర కట్టిన పెళ్లికూతురు. మావాడిది ఖద్దరు చొక్కా. రెండూ పక్కపక్కన నిలబెడితే ఏది ముందు కంటబడుతుంది?"

"అయితే జడ్జి అన్యాయం చేశాడంటారా?"

"అలా అనను. ఆ కుర్చీలో నేనే కూర్చుంటే నా కన్ను మాత్రం ఎటు పోయేదో ఎవరికి తెలుసు?"

ఇంతకంటె నిష్పక్షపాతమైన మాట నేను మరెక్కడా వినలేదు.

రెండో పక్షం కూడా చెప్పుకోవాలి. ఇంగ్లండులో క్రఫ్ట్స్ అనే ప్రదర్శన 1891 నుంచి ఉన్నది. అక్కడ మేటి బహుమతి 1928లో మొదలైంది. లాబ్రడార్ దాన్ని మూడుసార్లు గెలిచింది. 1932లో, 1933లో బ్రామ్‌షా బాబ్ అనే కుక్క వరసగా గెలిచింది, 1937లో మరొకటి. అక్కడి జడ్జీల అభిమానం కాకర్ స్పానియల్ మీద. లాయిడ్ అనే ఒకే పెంపకందారు స్పానియళ్లు 1930కీ 1950కీ మధ్య ఆరుసార్లు గెలిచాయి. అంటే కన్ను మొగ్గు దేశాన్నిబట్టి, కాలాన్నిబట్టి మారుతుందన్నమాట. వెస్ట్‌మినిస్టర్‌లోనూ గాలి మారింది. 2008లో మొదటిసారి బీగిల్, 2022లో మొదటిసారి బ్లడ్‌హౌండ్ గెలిచాయి. 2020 నుంచి 2025 వరకు ఆరు సంవత్సరాల్లో ఒక్క టెర్రియర్ కూడా గెలవలేదు.

అసలు నష్టం ఎవరికి?

లాబ్రడార్‌కు కప్పు రాలేదని నాకు విచారం లేదు. కప్పు సంగతి కుక్కకు తెలియదు. దానికి కావలసింది పిడికెడు అన్నం, యజమాని పలకరింపు. నా విచారమల్లా కప్పు వచ్చిన జాతుల గురించి. గెలిచిన మగకుక్కకు పిల్లలు ఎక్కువ. జడ్జి కన్నుకు నచ్చిన రూపం మరుసటి తరంలో ఇంకొంచెం పెరుగుతుంది. పొట్టి ముక్కు ఇంకా పొట్టిదవుతుంది, ముడతలు మరిన్ని ముడతలవుతాయి.

2008లో బి.బి.సి. వారు ఈ విషయం మీద ఒక చిత్రం ప్రసారం చేస్తే ఇంగ్లండులో పెద్ద దుమారం లేచింది. 2009 నుంచి వారు క్రఫ్ట్స్ ప్రసారం మానుకున్నారు. అక్కడి కెన్నెల్ క్లబ్బు ఎన్నో జాతుల లక్షణ పత్రాలను సవరించింది. 2012 క్రఫ్ట్స్‌లో పదిహేను జాతుల విజేతలను పశువైద్యులు పరీక్షించాలని నియమం పెట్టారు. బుల్‌డాగ్, పెకినీస్, బాసెట్ హౌండ్ మొదలైన ఆరు జాతుల విజేతలు ఆ పరీక్షలో తప్పాయి! జడ్జి శభాష్ అన్న కుక్కను వైద్యుడు వెనక్కి పంపాడు. 2016లో జాతి బహుమతి పొందిన జర్మన్ షెపర్డ్ ఒకటి, వీపు వెనక్కి వాలిపోయి, తడబడుతూ నడవడం టెలివిజన్లో చూసి జనం గగ్గోలు పెట్టారు.

ఇది మన గుమ్మంలోకి కూడా వస్తుంది. మా బంధువులొకరు బెజవాడలో బుల్‌డాగ్ పిల్లను కొన్నారు. తండ్రికి కప్పులు ఉన్నాయని అమ్మినవాడు ఫొటోలు చూపించాడట. ఏప్రిల్ నెల రాగానే కథ మొదలు. కుక్కకు మనలాగ ఒంటినిండా చెమట పట్టదు. నోరు తెరిచి రొప్పితేనే ఒంటి వేడి తగ్గాలి. ముఖం చదునైన కుక్కకు గాలి దారే ఇరుకు. రాత్రంతా గురక, పగలంతా రొప్పు. వేసవి పొడుగునా దానికొక గది, ఆ గదికొక కూలరు, వారానికొకసారి డాక్టరు. ఇంట్లో పిల్లలు దానితో ఆడుకుందామని తెచ్చుకుంటే, చివరకు విసనకర్రతో విసరడం వారి పని అయింది.

మన గిత్తలు చెప్పే పాఠం

ఈ చిక్కు మనకు కొత్తది కాదు. ఒంగోలు గిత్తను పశువుల ప్రదర్శనలో పెట్టినప్పుడు మూపురం, గంగడోలు, నడక చూస్తారు. సంక్రాంతికి బండలాగుడు పందెంలో ఎవరూ మూపురం కొలవరు. ఇచ్చిన వ్యవధిలో బండను ఎంత దూరం లాగిందో కొలుస్తారు. రెండు పోటీలూ ఉన్నందువల్లనే చూపుకు మాత్రమే పెంచిన గిత్తకు రైతు దగ్గర పరువు నిలవదు. అందం అన్నం పెడుతుందా అంటాడు.

ఇప్పుడు మన దేశపు కుక్కలకు మంచి రోజులు వస్తున్నాయి. 2005లో తపాలా శాఖవారు ముధోల్, రాజపాళయం, రాంపూర్ హౌండ్, హిమాలయన్ షీప్‌డాగ్ బొమ్మలతో బిళ్లలు వేశారు. 2020లో ప్రధానమంత్రి తన రేడియో ప్రసంగంలో దేశవాళీ జాతులను పెంచుకోవలసిందని కోరారు. ప్రదర్శనల్లో ఈ జాతులకు కూడా చోటు దొరుకుతున్నది. సంతోషమే. కాని ఇప్పుడే జాగ్రత్త పడాలి. రాజపాళయం పాలలా తెల్లగా ఉండాలని అందరికీ మోజు. ఒళ్లంతా తెల్లగా పుట్టే కుక్కల్లో పుట్టుచెవుడు పాలు ఎక్కువని పశువైద్యులు చెబుతారు. జడ్జి రంగుకే మార్కులు వేస్తే, దొంగ వచ్చినా అడుగుల చప్పుడు వినబడని కాపలాకుక్క మనకు మిగులుతుంది. ముధోల్ కుక్క పరుగుకు పుట్టింది. దాన్ని తివాసీ మీద నిలబెట్టి మాత్రమే చూస్తే దాని సుగుణం ఎవరికి తెలుస్తుంది?

కాబట్టి జడ్జీలు పక్షపాతులా అని అడిగితే, చాలామంది కారని నా నమ్మకం. కాని కన్ను పక్షపాతి. దానికి విరుగుడు మరో కొలత: పశువైద్యుడి పరీక్ష, పరుగు, పని. ఈ మూడింటిలోనూ నెగ్గినదానికే కప్పు అని నియమం పెడితే ఏ జాతి గెలిచినా నాకు పేచీ లేదు.

ఇంట్లో కుక్కపిల్లను తెచ్చుకోవాలనుకునే గృహస్థులకు ఒక్క మాట. తండ్రి కప్పుల ఫొటోలు పక్కన పెట్టి తల్లిని చూపించమనండి. అది నాలుగు అడుగులు వేస్తే కాళ్లు చూడండి, ఊపిరి వినండి. పెద్దజాతి అయితే తల్లిదండ్రుల తుంటి ఎముకలకు ఎక్స్‌రే తీయించారా అని అడగండి. పిల్ల వెనుక నిలబడి చిటిక వేసి చెవులు కదులుతాయేమో గమనించండి. ఈ పరీక్షకు జడ్జి అక్కరలేదు, టిక్కెట్టు అక్కరలేదు. కప్పు అమ్మినవారి అల్మారాలోనే ఉండిపోతుంది. మన వరండాలో పదేళ్లు పడుకునేది కుక్క.